ఓరెస్ట్ వద్దన్న బహుమానం

బ్రెన్నర్ ఊరి మంచు రింకులో మ్యాచ్ ఉన్న రోజు ఓరెస్ట్ హావ్రిలక్ ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. గోల్ వెనక మూలలో, రింకు చుట్టూ ఉన్న అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా, బొచ్చు టోపీ చెవుల మీదికి లాక్కుని నిలబడి ఉంటాడు. మిగతా స్కౌట్లు మేడమీది గదిలో కూర్చుంటారు. అక్కడ హీటరు ఉంది, కాఫీ ఉంది, రింకు కమిటీ ఆడవాళ్ళు పంపే, మాంసం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు వేడివేడిగా ఉంటాయి. వాళ్ళ పనీ ఓరెస్ట్ పనీ ఒకటే. జూనియర్ జట్లలో ఐస్ హాకీ ఆడే కుర్రాళ్ళను చలికాలమంతా చూసి, ఎవడు జీతానికి ఆడే పెద్ద ఆటకు పనికొస్తాడో, ఎవడు పనికిరాడో తమ క్లబ్బుకు చెప్పాలి. జూన్‌లో డ్రాఫ్ట్ జరిగే రోజున క్లబ్బులు మేలైనవాళ్ళతో మొదలుపెట్టి, రౌండు తర్వాత రౌండు, వంతులవారీగా పేర్లు పిలుస్తాయి. పేరు పిలిపించుకున్నవాడి ఇంట్లో పండగ.

"మీదికి రావయ్యా, గడ్డకట్టిపోతావ్ అక్కడ," అని పిలుస్తుంటారు తోటి స్కౌట్లు.

"మీ పక్కన కూర్చుంటే మీకు పట్టిన జలుబు నాకూ పడుతుంది," అంటాడు ఓరెస్ట్.

జలుబంటే అభిప్రాయం. మేడ మీద ఒకడు 'ఈ కుర్రాడు నెమ్మది' అన్నాడంటే, రెండో విరామానికల్లా ఆ గది మొత్తానికీ వాడు నెమ్మదైపోతాడు. మర్నాడు అర డజను క్లబ్బులకు అదే మాట వెళుతుంది. ఓరెస్ట్‌కు అది నచ్చదు. తప్పైనా సరే, తన తప్పు తనదై ఉండాలంటాడు.

అతను గోధుమ రైతు కొడుకు. వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాడు. బతుకుతెరువు మాత్రం పట్టాల పక్కనున్న ధాన్యం గోదాంలో. లారీ వచ్చి నిలబడితే గింజలు అరచేతిలో పోసుకుని, నలిపి, నోట్లో వేసుకుని కొరికి, అది ఏ రకం ధాన్యమో రైతు మొహం మీదే చెప్పడం అతని ఉద్యోగం. ఏడాది కష్టాన్ని రెండో రకం అంటే ఏ రైతు ఊరుకుంటాడు? తిట్టేవారు. తలుపు విసిరికొట్టేవారు. మర్నాడు పొద్దున ఊరి సహకార సంఘం వాళ్ళ కో-ఆప్ హోటల్లో అదే మనిషి ఎదురుగా కూర్చుని ఓరెస్ట్ కాఫీ తాగేవాడు. చెడ్డమాట చెప్పి కూడా పొరుగువాడిగా మిగలడం అతనికి అక్కడే అలవాటైంది.

స్కౌట్ పని అడక్కుండా వచ్చింది. ఒకసారి ఓ క్లబ్బు మనిషి బ్రెన్నర్ జట్టు ఫార్వర్డ్ ఒకణ్ణి చూడటానికి వచ్చి, దారి తెలియక ఓరెస్ట్ పక్కన నిలబడ్డాడు. మొదటి విరామంలో ఓరెస్ట్ ఊరుకోలేక అన్నాడు: "నువ్వు చూస్తున్నవాడు కాదు. వాడి వెనక వాడి తప్పులు సర్దుకొస్తున్నాడే, ఆ పొడుగు వెధవని చూడు." ఆ పొడుగు వెధవ బ్రాడీ ఓస్ట్‌లండ్. పెద్ద ఆటలో జుట్టు నెరిసేదాకా ఆడాడు. ఆ క్లబ్బు ఓరెస్ట్‌ను తన స్కౌట్‌గా పెట్టుకుంది. హైవే మీద మా ఊరి బోర్డు కింద అతని పేరుంది. ఆ బోర్డు దాటినప్పుడల్లా మేం కొంచెం నిటారుగా కూర్చుంటాం. బోర్డు మీద లేని పేరు కూడా మాకు తెలుసు.

ఓరెస్ట్ పద్ధతి చెప్పడానికి తేలిక. పక్, అదే మంచు మీద జారే రబ్బరు బిళ్ళ, ఎవడి దగ్గరుంటే వాణ్ణి అందరూ చూస్తారు. అతను పక్ పోగొట్టుకున్నవాణ్ణి చూస్తాడు. పోగొట్టుకున్న క్షణంలో కాళ్ళు ఆగాయా, ఆగలేదా? బెంచీ మీదికి వచ్చి కర్ర విరగ్గొట్టాడా, నీళ్ళు తాగి మళ్ళీ ఆటలోకి చూశాడా? "గోలు కొట్టినప్పుడు ప్రతివాడూ రాజకుమారుడే. పోగొట్టుకున్నప్పుడు ఇంటిపేరు బయటపడుతుంది," అంటాడు.

ఇక ఆ సంవత్సరం సంగతి. ఓరెస్ట్‌కు అది ఆఖరి సీజను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, భార్య ఐరీన్ పోయాక మంచుదారుల్లో ఒంటరిగా బండి నడపడం విసుగొచ్చింది. సరిగ్గా ఆ ఏడే అతని కూతురు లేసియా కొడుకు రీడ్‌కు డ్రాఫ్ట్ వయసు వచ్చింది. రీడ్ బ్రెన్నర్ జట్టులో ఎడమవైపు ఫార్వర్డ్. ఊళ్ళో అందరికీ ఇష్టమైన కుర్రాడు, గోల్స్ కూడా బాగానే కొట్టేవాడు.

స్కౌట్ల మధ్య ఒక మర్యాద ఉంది. రక్తసంబంధీకుల గురించి ఒకడు రెండోవాడి దగ్గర మాటెత్తడు. ఓరెస్ట్ మనవడి గురించి రాయలేదు. మిగతావాళ్ళు ఓరెస్ట్ ముందు రీడ్ పేరు పలకలేదు. మ్యాచ్ అయ్యాక మెట్ల దగ్గర ఎదురుపడితే వాతావరణం గురించి, రోడ్ల గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు.

దాన్ని మా ఊరు తప్పుగా చదివింది. స్కౌటన్నవాడు నిజంగా కావాలనుకున్న కుర్రాడి గురించి నోరు విప్పడని హాకీ ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నోరు విప్పితే పక్క క్లబ్బువాడు ముందే ఎగరేసుకుపోతాడు. కాబట్టి రీడ్ గురించి ఎవరూ మాట్లాడటం లేదంటే అందరికీ వాడే కావాలన్నమాట. కో-ఆప్ హోటల్ కాఫీ బల్ల దగ్గర తేలిన లెక్క అది. ఆ బల్లకు పెద్ద మెర్విన్ టాఫ్ట్, పంటలు అమ్మేసి ఖాళీగా ఉన్న రైతు.

"ఏరా ఓరెస్టూ, మూడో రౌండా, నాలుగో రౌండా? మాక్కూడా చెప్పవా?"

"కాఫీ తాగరా."

"చూశారా! నోరు విప్పడం లేదంటే రెండో రౌండే!"

బల్ల ఘొల్లుమంది. లేసియా కూడా అదే నమ్మింది. రీడ్ కూడా.

మే నెలలో ఓరెస్ట్ క్లబ్బు చీఫ్ స్కౌట్ గాస్టన్ థెరియో ఫోన్ చేశాడు. ఇద్దరిదీ పాత స్నేహం.

"ఓరెస్ట్, నీకో బహుమానం. ఆఖరి రౌండులో మన వంతు వచ్చినప్పుడు రీడ్ పేరు పిలుస్తాం. పైవాళ్ళు కూడా సరేనన్నారు. ఇన్నేళ్ళు చేసినదానికి ఆ మాత్రం చేయకపోతే ఎట్లా?"

ఇది కొత్తేమీ కాదు. ఆఖరి రౌండులో పాత ఉద్యోగి కొడుకునో, పాత ఆటగాడి తమ్ముణ్ణో పిలవడం క్లబ్బుల్లో ఉన్నదే. ఎవరూ తప్పుపట్టరు.

"నువ్వు వాణ్ణి చూశావా?" అన్నాడు ఓరెస్ట్.

"చూశాను."

"నా మనవడు కాకపోతే పిలిచేవాడివా?"

గాస్టన్ దగ్గాడు. "అది ఎందుకయ్యా ఇప్పుడు?"

"మరి కోల్బీ ఎన్స్ సంగతి?"

ఎన్స్ పక్క ఊరు టార్వాల్డ్ జట్టు డిఫెన్స్ కుర్రాడు. పొట్టివాడు. అతని జట్టు ఆ ఏడు అడుగున ఉంది. మేడ మీది గదికి వాడు కనిపించలేదు. ఓరెస్ట్ చలికాలమంతా వాడికోసం టార్వాల్డ్ రోడ్డు మీద తిరిగాడు.

"అందరి పేర్లూ సర్దాక మిగిలింది ఆ ఒక్క ఛాన్సే, ఓరెస్ట్. ఎన్స్ కావాలంటే రీడ్ లేడు. నువ్వేమీ అనక్కర్లేదు, ఊరికే ఉండు చాలు. వద్దంటే మాత్రం నువ్వే చెప్పాలి."

రేపు చెప్తానన్నాడు ఓరెస్ట్.

ఆ మధ్యాహ్నం కూతురింటికి వెళ్ళాడు. లేసియా బంగాళదుంప కూరిన పెరోగీలు వేయిస్తోంది. రీడ్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఓరెస్ట్ టోపీ తీసి, కూర్చోకుండానే, గాస్టన్ చెప్పిందంతా చెప్పాడు.

లేసియా గరిటె పట్టుకునే తండ్రిని కావలించుకుంది. రీడ్ మాత్రం కత్తి పక్కన పెట్టాడు.

"ఆఖరి రౌండా? అదీ నీకోసమా?"

"అవును."

"నా కోసం కాదా?"

ఓరెస్ట్ టోపీని బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, ఎవరికోసమైతే ఏం?" అంది లేసియా. "పేరు పిలిచాక అది వాడిదే. నువ్వు నోరు మూసుకుంటే చాలన్నాడుగా! జీవితంలో ఒక్కసారి మూసుకోలేవా?"

"తాతా, నా గురించి చెప్పు," అన్నాడు రీడ్. "వేరేవాళ్ళ కుర్రాడి గురించి చెప్పినట్టు చెప్పు."

"ఒరే, అదెందుకురా ఇప్పుడు?" అంది తల్లి.

"చెప్పనీ అమ్మా."

అప్పుడు కూర్చున్నాడు ఓరెస్ట్. "చేతులు మంచివి. గురి మంచిది, గోల్‌కీపర్ కదలకముందే కొడతావు. తోటివాడికి దెబ్బ తగిలితే ముందు వెళ్ళేది నువ్వే. నేరుగా వెళ్ళేటప్పుడు వేగం ఉంది. కానీ కుడివైపు తిరగాలంటే బండి తిప్పినట్టు తిరుగుతావు. పక్ పోయినప్పుడు నీ కాళ్ళు ఆగుతాయి. ఒక్క క్షణమే. ఇక్కడ ఆ క్షణం ఎవరికీ పట్టదు. అక్కడ అది గోలు. యూనివర్సిటీ జట్టులో బాగా ఆడతావు, నలుగురూ నిన్ను తలుచుకుంటారు. పెద్ద ఆటకు సరిపోవు."

మూకుట్లో పెరోగీలు మాడాయి. ఎవరూ తిప్పలేదు.

"సొంత మనవడితో మాట్లాడే మాటలా ఇవి?" లేసియా గరిటె మూకుడు మీద కొట్టింది. "ధాన్యం అనుకున్నావా వాణ్ణి?"

"అడిగాడు కాబట్టి చెప్పాను."

"మరి ఎవడు సరిపోతాడు?" అన్నాడు రీడ్.

"కోల్బీ ఎన్స్."

"ఆ పొట్టోడా!"

"వాడి మీద ఆడినవాడివి నువ్వు. నేను అద్దం ఇవతల నిలబడ్డవాణ్ణి. నువ్వే చెప్పు, వాడెట్లాంటివాడు?"

రీడ్ నోరు తెరిచాడు. తిట్టడానికే తెరిచాడని లేసియా తర్వాత మాతో చెప్పింది. కానీ తిట్టు రాలేదు. తరిగిన ఉల్లిపాయలను ఒక పక్కకు తోశాడు. చివరికి అన్నాడు: "వాడి పక్కనుంచి ఒక్కసారి కూడా దాటలేకపోయాను." ఆ మాట అనేసి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఓరెస్ట్ గాస్టన్‌కు ఫోన్ చేశాడు. "బహుమానం వద్దు. ఎన్స్‌ను పిలవండి." గాస్టన్ వాదించలేదు.

మా ఊళ్ళో ఏ మాటా కాఫీ బల్ల దాటకుండా ఆగదు. మెర్విన్ వారం రోజులు ఓరెస్ట్ పక్క కుర్చీలో కూర్చోలేదు. కో-ఆప్ బేకరీలో రీడ్ పేరుతో కేకు అప్పటికే చెప్పి ఉంచారు. ఒకావిడ ఓరెస్ట్‌ను పోస్టాఫీసులో నిలేసి, "టార్వాల్డ్ వాళ్ళు నీకేం పెట్టారయ్యా?" అని అడిగింది. ఓరెస్ట్ ఆవిడకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. లేసియా ఫోన్ ఎత్తడం మానేసింది. రీడ్ తాతతో మాట్లాడలేదు. కానీ తెల్లవారగానే రింకు చుట్టూ పరిగెడుతూ కనిపించేవాడు, ప్రతి మలుపూ కుడివైపే.

డ్రాఫ్ట్ శనివారం. తిట్టినవాళ్ళు కూడా ఓరెస్ట్ ఇంటికే వచ్చారు. ఇంకెక్కడికి వెళతారు? ఊళ్ళో డ్రాఫ్ట్ చూసే ఇల్లు ఎప్పుడూ అదే. మెర్విన్ కేకు పట్టుకొచ్చాడు. "చెప్పి చేయించింది, పారేస్తామా?" అన్నాడు. దాని మీద రీడ్ పేరు అలాగే ఉంది. లేసియా వచ్చి, తండ్రి వంక చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది. రీడ్ గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

రౌండ్లు గడిచాయి. ఆఖరి రౌండులో ఓరెస్ట్ క్లబ్బు వంతు వచ్చింది. టీవీలో పేర్లు చదివే అమ్మాయి చదివింది. టార్వాల్డ్, డిఫెన్స్, కోల్బీ ఎన్స్. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వంటింట్లో కుళాయి తిప్పిన శబ్దం మాత్రం వినిపించింది.

పేరు పిలిచాక కుర్రాడికి మొదటి ఫోన్ చేయవలసింది వాణ్ణి కనిపెట్టిన స్కౌటే. ఓరెస్ట్ నంబరు నొక్కాడు. చాలాసేపటికి ఎత్తాడు ఎన్స్. వెనక ట్రాక్టరు మోత. వాడు టీవీ చూడటం లేదు, పొలంలో మందు కొడుతున్నాడు. తన పేరు వస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు.

"కోల్బీ, నేను ఓరెస్ట్ హావ్రిలక్‌ని. నిన్ను..." అని ఆగిపోయాడు ఓరెస్ట్. ఎంత పెద్ద రైతు ముందైనా తడబడని మనిషి అక్కడ తడబడ్డాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. అవతల వాడు 'హలో, హలో' అంటున్నాడు.

రీడ్ గోడ దగ్గర్నుంచి వచ్చి తాత చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఒరే ఎన్స్, ట్రాక్టరు ఆపరా ముందు! నేను రీడ్‌ని. బ్రెన్నర్ రీడ్. నిన్ను పిలిచార్రా, డ్రాఫ్ట్‌లో! ... నిజంరా, ఒట్టు. ఆటపట్టించడానికి ఈ రోజే దొరికిందా నాకు? ... మా తాత. అవును, మూలలో నిలబడే ముసలాయనే. చలికాలమంతా నీకోసమే తిరిగాడు. ఇప్పుడు మాట్లాడలేకపోతున్నాడు, అందుకే నేను. ... సరే విను. క్లబ్బు శిక్షణ క్యాంపుకు వెళ్ళేముందు ఇక్కడికి రా. వేసవిలో మా రింకులో ఐస్ వేయిస్తారు, పొద్దున ఎవరూ ఉండరు. ఇద్దరం ఆడదాం. ఎందుకేంట్రా, నిన్ను దాటేదాకా నాకు నిద్ర పట్టదు. యూనివర్సిటీవాళ్ళు నన్ను చూడటానికి వచ్చేలోపు దాటాలి."

అవతల ట్రాక్టరు ఆగింది. వాడి కేక మా అందరికీ వినిపించింది.

లేసియా వంటింటి గుమ్మంలోకి వచ్చి తడి చేతులతోనే నిలబడి కొడుకును చూస్తోంది. ఓరెస్ట్ కూడా చూస్తున్నాడు, అద్దానికి ముక్కు ఆనించి చూసే చూపుతోనే. ఫోన్ పెట్టేసి రీడ్ తాత పక్కన సోఫాలో కూలబడ్డాడు. "ఏడుస్తున్నాడు వాడు," అన్నాడు నవ్వుతూ.

మెర్విన్‌కు ఇంకా ఉక్రోషం తీరలేదు. కేకు కోస్తూ అన్నాడు: "పిలుపు రాని ఇంట్లో ఈ సంబరమేంట్రా ఓరెస్టూ?"

"ఈ ఇంటినుంచి వెళ్ళిందిరా పిలుపు," అన్నాడు ఓరెస్ట్, మనవడి భుజం మీద చెయ్యి వేసి. "ఆ ముక్క పెద్దది ఇటివ్వు. మావాడి పేరుంది దాని మీద."