కోటు పక్కన గొంగడి

దామోదర్ ఫ్లెక్సుల దుకాణంలో, కంప్యూటర్‌లో 'కోటు' అని ఒక ఫైలు ఉంది. నీలం కోటు, ఎర్ర టై, మెడ పైన ఖాళీ. మిర్యాలగూడ చుట్టుపక్కల పోయిన మగవాళ్లలో సగం మంది ఆ కోటులోనే ఫ్లెక్సు ఎక్కారు. బతికున్నన్నాళ్లూ చొక్కాకు పై గుండీ పెట్టుకోని వాళ్లకు కూడా అది అచ్చంగా సరిపోయేది.

పక్షవాతంతో దామోదర్ కుడిచెయ్యి పడిపోయాక ఆ కోటు తొడిగే పని కూతురు హిమజ మీద పడింది. హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో ఆఖరి సంవత్సరం. నాన్నను చూసి పోదామని దసరాకు వచ్చింది. ఎండలు ముదిరినా ఇక్కడే ఉంది. సూర్యాపేట నుంచి తెచ్చి పెట్టుకున్న డిజైనర్ నెల తిరక్కుండానే పెద్ద దుకాణం చూసుకుని పోయాడు.

హాజరు సంగతి కాలేజీలో ఎలాగో సర్దారు. సోమవారం పరీక్షకు మాత్రం మనిషి రావాల్సిందే. ఫోటో, అక్షరం ఒకదాన్నొకటి మోసే పని ఒక్కటి చేసి తెచ్చి, ఎదురుగా నిలబడి వివరించాలి. రాకపోతే ఏడాది పోయినట్టే.

ఫోటో అంటే ఒక మనిషి మీద ఒక చోట ఒకసారి పడ్డ వెలుగు అనుకునేది హిమజ. కోటు తొడగ్గానే ఆ వెలుగు పోతుంది. ఇక అక్షరాలు. పుట్టినరోజు శుభాకాంక్షలకు, అశ్రునివాళికి ఈ ఊళ్లో ఒకే రకం అక్షరాలు. రంగు మారుతుంది, అంతే. ఏడ్చే నోరూ నవ్వే నోరూ ఒకే తీరుగా తెరిచినట్టు ఉంటుంది.

అప్పుడొచ్చాడు నిడమనూరు కృష్ణ. తండ్రి రామనర్సయ్య పోయాడు, సోమవారం పెద్దకర్మ. ఫోన్‌లో ఒకటే ఫోటో ఉంది. కాల్వకట్ట మీద ముసలాయన, భుజాన గొంగడి, చంకలో గొర్రెపిల్ల, ఎండకు చికిలించిన కళ్లు.

"కోటు తొడుగు సెల్లె. నాయనకు బతికుండంగ తొడగకపోతి."

హిమజ తొడగలేదు. ఫోటోను ఉన్నదున్నట్టు ఒక పక్కకు పెట్టి, మిగతా అంతా ఖాళీ వదిలింది. పేరు చేత్తో రాసింది. గొంగడి అంచులా గరుకుగా, అడుగున బరువుగా వచ్చాయి అక్షరాలు. తల్లి ఊర్మిళ, కోదాడ మనిషి, టీ గ్లాసుతో వచ్చి చూసింది.

"ఏంటే ఇది? కొడుకులు, అల్లుళ్ల ఫోటోలు ఏవీ?"

"పోయింది ఆ తాత అమ్మా, అల్లుళ్లు కాదు."

కృష్ణ వచ్చి చూశాడు. "మా నాయనే. కండ్ల ముందర నిలవడ్డట్టున్నడు," అన్నాడు. అల్లుళ్ల సంగతి అతనికీ గుర్తు రాలేదు. హిమజ రెండోది ఒకటి ప్రింటు తీసి తన పరీక్ష కోసం చుట్టి పెట్టుకుంది.

సోమవారం పొద్దున ఆ చుట్టతో స్టేషన్‌లో నిలబడింది. బండి వస్తోందని చెబుతుండగా ఫోన్ మోగింది.

"సెల్లె, జర పరేషాన్ అయింది. ఫ్లెక్సు జూసి పెద్ద బావ లేసిండు. 'నా మొకం లేని కాడ నాకు బువ్వెందుకు' అని బండెక్కిండు. బతిలాడి ఆపినం. అందరి ఫోటోలు పెట్టి జల్ది ఇంకోటి కొట్టియ్యి."

"అన్నా, నాకు పరీక్షుంది. మాపటికి వచ్చి చేస్త."

"మాపటికేం జేసుకుంటం సెల్లె, బువ్వలయినంక?"

వెంటనే నాన్న ఫోన్ చేశాడు. "నువ్ పో బిడ్డా. నేను ఎడమచేత్తో జూస్త."

ఎడమచేత్తో ఆయన తెరవగలిగే ఫైలు ఏదో ఆమెకు తెలుసు. బండి వచ్చింది, నిలిచింది, పోయింది. హిమజ ఆటో ఎక్కింది.

దుకాణం చేరేసరికి వాట్సాప్‌లో ముఖాలు రాలుతున్నాయి. పెద్ద బావ మధుసూదన్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, బుల్లెట్ మీద కూర్చున్నది పంపాడు. వెనకే కృష్ణ గొంతు: "బావది అందరికన్న ఇంచంత పెద్దగుండాలె. గని గొంగడి జోలికి పోకు సెల్లె. మా అమ్మ గా ఫోటో ముంగటికెల్లి లేస్తలేదు."

ఖాళీ అంతా నిండింది. చేత్తో రాసిన పేరు ముఖాల మధ్య ఇరుక్కుంది. మధ్యాహ్నానికి కొత్తది కట్టారు. బావ దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకుని, భోజనాల బంతిలో కూర్చున్నాడు. సాయంత్రం కాలేజీ సారు ఫోన్‌లో, "వచ్చే ఏడాది చూద్దాంలే అమ్మా," అన్నాడు.

ఆ కర్మకు వచ్చినవాళ్లు ఫోటో చూసిపోయారు. త్రిపురారం నుంచి ఒకరు, దామరచర్ల నుంచి ఒకరు దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. ఆ తర్వాత రైస్ మిల్లు వాళ్ల రాకేష్ వచ్చాడు.

"నిడమనూరు తాతకేసిన తీరుగనే కావాలె. మా నాయనకు గొంగడెయ్యి."

"మీ నాయన గొర్లు గాసిండా?"

"ఏసీ రూములకెల్లి బయటికే రాకపోతుండె. అయితేంది? గొంగడైతె మంచిగ కనవడతది."

మూల కుర్చీలో దామోదర్ చాలా రోజులకు నవ్వాడు. "ఎయ్యి బిడ్డా. దుకాణానికి పేరొచ్చింది. ఇగ బయటి డిజైనర్ ఎందుకు మనకు?"

హిమజ రామనర్సయ్య ఫోటో తెరిచింది. మెడ దాకా కత్తిరించి తల తీసేసింది. గొంగడి, చెయ్యి, గొర్రెపిల్ల మిగిలాయి. 'కోటు' పక్కన 'గొంగడి' అని దాచింది. పైన మిల్లు యజమాని తల పెడితే అచ్చంగా సరిపోయింది.

రాకేష్ తెర మీదికి వంగాడు. "సూపర్. గా గొర్రెపిల్లను తీసేసి సేతుల ఫోన్ పెట్టరాదు?"

హిమజ మౌసు మీద చెయ్యి వేసింది.

"ఏ ఫోను?" అంది.