జొన్నపిండి చెప్పిన సీటు కొలత

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నమ్మనివాళ్లు నా నెత్తిన చెయ్యి పెట్టి చూసుకోవచ్చు, జుట్టు అడ్డం రాదు. మొన్న మా అమ్మాయి నా పొట్ట తగ్గించాలని ఇంట్లోనే తొక్కే, ఎక్కడికీ కదలని సైకిలొకటి కొనుక్కొచ్చింది. దాని మెత్తటి సీటు మీద కూర్చున్నానో లేదో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను తొక్కిన మా బావ సైకిలు గుర్తుకొచ్చి ఉలిక్కిపడి లేచాను.

అప్పుడు నేను కర్నూలు నుంచి వచ్చి, బౌద్ధనగర్‌లో అక్కాబావల దగ్గర ఉంటూ, యూనివర్సిటీ క్యాంపస్ లైబ్రరీలో తాత్కాలికపు పని చేసేవాణ్ణి. ఒక పూట రాకపోతే ఆ పనికి ఇంకొకరు సిద్ధం. బందులకు బస్సులు ఆగిపోవడంతో బావ సైకిలే దిక్కయింది. దాని సీటు రాతికన్నా గట్టి, కత్తిపీటకన్నా సన్నం. తార్నాక దాటేసరికి కింద కుంపటి పెట్టినట్టుండేది. కూర్చోలేక పుస్తకాలన్నీ నిలబడే సర్దుతుంటే నా శ్రద్ధకు పైవాళ్లు ముచ్చటపడేవాళ్లు. ఇంకో వారం ఇలాగే సాగితే పని మానక తప్పదని తెలుసు. మానేసి కర్నూలుకు ఏ మొహం పెట్టుకొని వెళ్లాలో మాత్రం తెలియదు.

ఒక బందునాడు నేను లోపలికి రాగానే క్యాంపస్ గేట్లు మూసేశారు. బయట ముళ్లకంచె, పోలీసులు. లోపల నినాదాలు, కళ్లు మండించే పొగ. సైకిలు బావది గనక వదిలి పోలేను, ఎక్కి కూర్చోలేను, పోదామంటే దారి లేదు. పైగా నోరు విప్పితే నా సీమ యాస బయటపడుతుందన్న దిగులొకటి. గేటుకు లోపలి పక్కనే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. అక్కడ గట్టు మీద తడిగుడ్డ కప్పిన గుండ్రటిదేదో కనబడితే, దిండనుకొని కూలబడ్డాను. గోరువెచ్చగా, మెత్తగా, నాకే అచ్చుపోసినట్టు ఒదిగింది.

"ఓ తమ్మీ! లే, లే! జొన్నపిండి మీద కూసున్నవేంది?" రొట్టెలు చేస్తున్న అక్క అట్లకాడతో లేచింది.

"దిండనుకుంటినక్కా, తప్పయిపాయ" అనేశాను. యాస విని చుట్టూ ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు.

"మీదేడ?"

"కర్నూలు."

"ఏం, కర్నూల్ల కుర్సీలు లెవ్వా? ఇగ గీ ముద్ద రొట్టెలన్నీ నువ్వే తినాలె!"

అందరూ విరగబడి నవ్వారు. తిన్నాను. బాగానే ఉన్నాయి.

అంతకుముందే గుడ్డ తీసి చూస్తే పిండిలో రెండు గుంటలు. వాటి నడుమ వేళ్లు పెట్టి చూశాను, బెత్తెడు మీద రెండు వేళ్లు. బావ సీటు అందులో సగం లేదు. ఇన్నాళ్లూ నా ఎముకలు సీటు మీద కూర్చోలేదు, దానికి అటొకటి ఇటొకటి వేలాడాయన్నమాట! సాయంత్రం కంచె పక్కకు లాగగానే తార్నాకలో సైకిలు దుకాణానికి పోయి కొలత చూపిస్తే, దుకాణదారు ఆడవాళ్ల సైకిలుకుండే వెడల్పాటి స్ప్రింగుల సీటు బిగించాడు. అంబారీ ఎక్కినట్టు ఇంటికి చేరాను.

ఇప్పుడు తార్నాకలో మెట్రో తలమీదుగా పోతోంది. కంచెలు లేవు, మంచిదే. ముక్కూమొహం తెలియనివాణ్ణి ఎగతాళి చేసి, ఆ చేత్తోనే రొట్టె పెట్టేవాళ్లు కూడా ఆ రోడ్డు మీద కనబడరు.

ఇక ఒప్పుకోలు. పిండి నిజం, గుంటలు నిజం, రొట్టెలూ నిజమే. సీటు దొరకడమొక్కటే కల్పన. ఆ రోజులు చూసినవాళ్లు పట్టేసే ఉంటారు, బందునాడు దుకాణం ఎవరు తెరుస్తారు? తెరిచిన రోజున పోయి అడిగితే దుకాణదారు ఆ వెడల్పు సీటు లేదన్నాడు. ఆ బందు సాయంత్రం మూసిన షట్టరు ముందు కొలత వేళ్లు చాపి నిలబడి వచ్చినవాణ్ణి, ఆ ఏడాదంతా పెడళ్ల మీద నిలబడే తొక్కుతూ పనికి పోయాను.