ముగ్గు జరిగిన జాగా

దయ్యాలంటే నాకు నవ్వు. ఎవరైనా రాత్రి భయపడ్డామంటే, అరగక పోయి ఉంటుందనేవాణ్ణి. ఇది మాత్రం పట్టపగలు జరిగింది.

ఎనభైల చివర్లో కరీంనగర్ నాలుగు దిక్కులా పెరుగుతోంది. ఊరి అంచున మూతపడ్డ తోళ్ల కార్ఖానాను ఒకాయన కొని ప్లాట్లు చేశాడు. కొలతలు తీసి నక్ష గీసింది నేనే. తోళ్లు నానబెట్టిన గుంతల అడుగున పచ్చటి మడ్డి ఉండేది. దాన్ని ఎత్తకుండానే మొరం పోసి చదును చేయించాడు. గుంతల్ని నక్షలో చూపించొద్దన్నాడు. నౌకరీ పోతుందని చూపించలేదు. అంత మొరం కింద ఏముంటే ఏమిటిలే అనుకున్నాను. ఆ మొండి ధైర్యంతోనే నేనూ అక్కడ ఒక ప్లాటు తీసుకున్నాను.

బావి ఈశాన్యంలోనే ఉండాలని మా అవ్వ పట్టుబట్టింది. నా ప్లాటు ఈశాన్యంలో సరిగ్గా ఒక గుంత ఉంది. అది చెబితే నక్ష సంగతీ బయటపడుతుంది. నోరు మూసుకున్నాను.

అవ్వ కొబ్బరికాయ కొట్టింది. బావులు తవ్వే రాజమల్లు మేకు పాతి, తాడు కట్టి, సున్నంతో గుండ్రంగా ముగ్గు పోశాడు. ముగ్గురం తుమ్మచెట్టు కింద సద్ది తిని వచ్చేసరికి ఆ ముగ్గు పది అడుగులు పడమటికి జరిగి ఉంది, మేకుతో సహా. ముందురోజు వానకు నేల మెత్తగా ఉంది. మా అడుగులు తప్ప వేరే అడుగు లేదు. పాత చోట చిటికెడు సున్నం లేదు.

ఎవడో ఆకతాయి పని అని తిట్టి మళ్లీ పోయించాను. ఈసారి పక్కనే రాయి మీద కూర్చున్నాను. అవ్వ చెంబు అందిస్తే తల తిప్పి అందుకున్నాను, అంతే. తిరిగి చూస్తే ముగ్గు మళ్లీ పడమటనే ఉంది. అది సరిగ్గా గుంత అంచు దాటి ఆగింది. ఆ అంచు ఎక్కడుందో అక్కడున్న వాళ్లలో నా ఒక్కడికే తెలుసు.

రాజమల్లు మెల్లగా అడిగాడు. "సారూ, గీడ కింద ఏమన్న ఉన్నదా? ఉంటే చెప్పుండ్రి. దిగేటోన్ని నేను."

ఏమీ లేదన్నాను.

"ఎవలో వద్దంటుండ్రు బిడ్డా, ఇడ్సిపెట్టు" అంది అవ్వ. ఆ మాటను సాకు చేసుకుని బావి మానేశాను.

పక్క ప్లాటు నేతపని చేసే నర్సయ్యది. అతనూ ఈశాన్యంలోనే, ఇంకో గుంత మీదే తవ్విస్తున్నాడని తెలిసి పరుగెత్తాను. ముగ్గు జరిగిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. గుంతల సంగతి చెప్పలేదు. సదువుకున్నోళ్లు మీరు గూడ గివి నమ్ముతరా అని నర్సయ్య నవ్వాడు. అక్కడ ముగ్గు జరగలేదు. రాజమల్లు దిగాడు.

నాలుగో రోజు పచ్చటి ఊట వచ్చింది. రాజమల్లు మోకాళ్ల దాకా అందులో నిలబడి తోడాడు. వారానికల్లా కాళ్లు పుండ్లు పడ్డాయి. ఏడాదైనా మానలేదు. అతను మళ్లీ ఏ బావిలోనూ దిగలేదు.

ఆ ముగ్గు ఎవరు జరిపారో, నా దగ్గర జరిగింది నర్సయ్య దగ్గర ఎందుకు జరగలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రాజమల్లు అడిగినదానికి జవాబు మాత్రం నాకు ఆ రోజే తెలుసు.