రైలు పాటలో ఆ కూత

అన్న పోయాడన్న కబురు నాకు డ్యూటీలో ఉండగా తెలిసింది. ఉదయం పదిన్నర కావస్తోంది. ఒక ముసలాయన చెవిలో చుక్కల మందు వేస్తున్నాను. మా బ్యాండు డ్రమ్మరు ఫోన్ చేసి, "అక్కా, అన్న ఇంగ లేడు" అన్నాడు. సరే అని పెట్టేసి, ముసలాయనను రెండో పక్కకు తిప్పి, ఆ చెవిలో కూడా చుక్కలు వేసి, వెళ్లి చేతులు కడుక్కున్నాను. నర్సు పనిలో ముప్పై ఏళ్లు ఉంటే దుఃఖం కూడా వరుసలో నిలబడడం నేర్చుకుంటుంది. ఏడుపు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వచ్చింది.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల జాతరలకూ వినాయక చవితి పందిళ్లకూ వెళ్లినవాళ్లకు ఆయన్ని పరిచయం చేయనక్కరలేదు. మిగతావాళ్లకు చెబుతున్నాను. మెడలో గిటారు వేసుకుని, తెలుగులో రాక్ పాటలు పాడిన మనిషి ఆయన. మన వైపు ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటలే. ఆయన కూడా జనం కోసం అవి పాడేవాడు. కానీ మధ్యలో రెండు మూడు సొంత పాటలు దూర్చేవాడు. నేను ఆయన వెనక కోరస్‌లో పాతికేళ్లకు పైగా నిలబడ్డాను.

పాకాల రైల్వే క్వార్టర్సులో పెరిగాడు. తిరుపతిలో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఎవరో తెచ్చిన టేపుల్లో ఇంగ్లీషు రాక్ పాటలు విన్నాడట. "అర్థం ఒగ ముక్క తెలీలేదు పాపా. గొంతు సించుకునేదానికి గూడా ఒగ మర్యాద ఉండాదని మాత్రం తెలిసింది" అనేవాడు. డిగ్రీ సగంలో వదిలేసి వచ్చి, పొగబండి మీద ఒక పాట కట్టాడు. రైలు పాట అని అందరూ దాన్నే అడిగేవాళ్లు. పాట చివర డ్రమ్ములూ గిటారూ ఆగిపోతాయి. అప్పుడు ఒక్క గొంతు, ఇంజను కూత పెట్టినట్టు, పైకి లేచి అక్కడే నిలబడుతుంది. జనం ఆ కూత కోసం పాటంతా ఓపిక పట్టేవాళ్లు.

ఆయన పోయినప్పటి నుంచి ఫోన్లలో రెండు వీడియోలు తిరుగుతున్నాయి. ఒకటి ఆయనకు యాభై ఎనిమిదో తొమ్మిదో ఉన్నప్పటిది. కూత గుండు సూదిలా నిటారుగా నిలబడింది. కింద "ఈ వయసులో ఏం గొంతు" అని వందమంది రాశారు. రెండోది మూడేళ్ల నాటిది. కూత సగంలో పగిలింది. దాని కింద నవ్వు బొమ్మలు ఉన్నాయి. పోయిన మనిషి అని కొందరు ఇప్పుడు జాలి మాటలు చేర్చారు. రెండింట్లోనూ ఒకటి గమనించండి. కూత దగ్గర మీకు కనిపించేది ఆయన వీపు. ఆ రెండు కూతలూ ఆయనవి కావు. రెండూ నావి. ఈ నాలుగు మాటలు రాయడానికి అసలు కారణం అదే.

నా గొంతు సంగతి ముందు చెప్పాలి. చిన్నప్పుడు చర్చి క్వయరులో నన్ను ఆడపిల్లల వరుసలోంచి తీసి మగపిల్లల వరుస చివర నిలబెట్టారు. ఎవరూ తిట్టలేదు. పక్కకు జరిపారంతే. తర్వాత రెండు ఆర్కెస్ట్రాల్లో అడిగి చూశాను. హీరోయిన్ పాటకు పనికిరాదన్నారు. అన్న ఒక్కడే నాతో రెండు పాటలు పాడించుకుని విన్నాడు. "నీ గొంతులో మట్టి ఉండాది పాపా. కడుక్కోబాకు" అన్నాడు. అంత మంచి మాట నా గొంతు గురించి అంతకుముందు ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాట మీద పాతికేళ్లు నడిచాను.

ఆయన గొంతు ముసలిది కావడం నేను దగ్గరుండి చూశాను. నలభైల్లో పైస్థాయిలో కొంచెం ఇసుక చేరింది. నిజానికి అప్పుడే బాగుండేది, రాక్ పాటకు ఆ గరుకు కావాలి. యాభై దగ్గర పడేసరికి ఒక్క ఊపిరిలో పాడే వరుసకు రెండు ఊపిర్లు కావలసి వచ్చాయి. ఆయన ఉపాయాలు మొదలుపెట్టాడు. పైకెళ్లే చోట మైకు జనం వైపు చాపేవాడు. పాటకు పాటకు మధ్య కబుర్లు పెంచాడు. గిటారు తీగలు అర మెట్టు వదులు చేయించాడు, రెండేళ్లకు ఇంకో అర మెట్టు. గొంతుకు పడదని చిత్తూరులో ఉంటూ మామిడిపండు మానేశాడు. ఈ ఊళ్లో మాల వేసుకోవడం కన్నా కష్టమైన దీక్ష అది.

మా ఆస్పత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మను ఒకసారి అడిగాను. గొంతులో ఉండేవి రెండు మడతలు, వయసుకు పలచబడి గట్టిపడతాయి అంది. మోకాలు అరిగినట్టే ఇదీ అరుగుతుంది, కాకపోతే మోకాలి కోసం ఎవరూ టిక్కెట్టు కొనరు అని నవ్వింది.

మొదటిసారి ఒక కాలేజీ ఫంక్షన్లో జరిగింది. సాయంత్రం. ఆయనకు జలుబు. కూత చోటు వచ్చింది, సంగీతం ఆగింది, ఆయన అలవాటు ప్రకారం డ్రమ్మరు వైపు తిరిగి తల వెనక్కి వంచాడు. ఏమీ రాలేదు. మూడడుగుల దూరంలో ఉన్న నాకు ఆయన మెడ నరాలు కనిపిస్తున్నాయి. నేను ఆలోచించలేదు. నా మైకులో కూత పెట్టేశాను. మగవాడి గొంతుకు అది మిద్దె మీద మిద్దె. నా గొంతుకు వాకిట్లో అరుగు. మైక్‌సెట్ అతను కూడా ఆలోచించకుండా నా మైకు పెంచాడు. జనం లేచి నిలబడి ఈలలు వేశారు.

అయిపోయాక అన్న వేణ్ణీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, "అదేందో బాగుండాదే. అట్లే పెట్టుకుందామా" అన్నాడు. థాంక్స్ అనలేదు. అట్లే పదకొండేళ్లు పెట్టుకున్నాం. మా బ్యాండులో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. నేను అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూసేదాన్ని. శాలువా ఆయన భుజం మీద పడేది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఒకసారి, "అన్నా, ఆ కూత నాదని ఒకతూరి సెప్పరాదా" అని అడిగాను. "సెప్తా పాపా, సెప్తా" అన్నాడు. ఆ వారం స్టేజీ మీద "కోరస్‌లో మా పాప" అని నా వైపు చెయ్యి చూపించాడు, అంతే. గొప్ప మనిషే, కానీ చప్పట్ల దగ్గర చిన్నపిల్లవాడు. పోయినవాళ్లను దేవుళ్లను చేయడం నాకు చేతకాదు.

తర్వాత నా వంతు వచ్చింది. యాభై నిండేసరికి నా గొంతు కిందికి దిగడం మొదలైంది. డాక్టరమ్మ అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. ముసలితనంలో మగవాళ్ల మాట కాస్త పైకి లేస్తుందట, ఆడవాళ్లది కిందికి జారుతుందట. మా ఇద్దరిలో అది కళ్లకు కట్టింది. గ్యాస్ బుక్ చేస్తే అన్నను ఫోన్లో "మేడం" అన్నారు, నన్ను "సార్" అన్నారు. ఆయన పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని కూత పెట్టి చూసుకున్నాను. నాలుగుసార్లలో ఒకసారి అందడం లేదు.

ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెబితే కూత తీసేస్తాడు. పేరు ఆయనదైనా ఆ కూత నాది, నాకున్నది అదొక్కటే. ఇన్నాళ్లూ ఆయన చేసిన పనే నేనూ చేశాను. మిరియాల కషాయం తాగాను, ముందు పాటల్లో నోరు కదిలించి ఊరుకున్నాను, దేవుణ్ణి అడిగాను.

ఐరాల దగ్గర ఒక పల్లెలో చవితి పందిరి. ఎండ తగ్గింది, ఇంకా పొద్దు ఉంది. రైలు పాట బాగానే నడిచింది. సంగీతం ఆగింది. అన్న వెనక్కి తిరిగాడు. నేను కూత ఎత్తుకున్నాను. సగం దూరం వెళ్లి అది రెండుగా చీలిపోయింది. పైముక్క కీచుమని పోయింది, కిందిముక్క గొంతులో ఉండిపోయింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

అన్న నా వైపు ఒక్క క్షణం చూశాడు. అప్పటికీ నా అరచెయ్యి నోటి మీదే ఉంది. ఆయన తిరిగి ముందుకు నడిచి మైకు పట్టుకుని, "వయసైపోయ గదప్పా. బాయిలరు ఓటిపోయింది. నవ్వుకోండి, నవ్వుకోండి" అన్నాడు. జనం ఇంకా నవ్వారు. ఆయన వాళ్లతో కలిసి నవ్వి, వెంటనే ఒక సినిమా పాట ఎత్తుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో నేను ఆయన పక్క సీటులో కూర్చున్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"యాల ఏడస్తా ఉండావు?" అన్నాడు.

"పగిలింది నాది, అన్నా. నవ్వింది నిన్ను. అప్పుడే మైకులో సెప్పేసింటే బాగుండె."

"ఊరికే ఉండు. పదకొండేండ్లు నీ సప్పట్లు నేను తీసుకున్న్యా గదా. ఒగ నవ్వు తీసుకోలేనా?"

ఆ "నీ సప్పట్లు" అన్న మాట కోసం నేను పదకొండేళ్లు ఎదురుచూశాను. అది అలాంటి రోజున వస్తుందనుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాత అన్న కూత తీసేశాడు. రైలు పాటను బాగా కిందికి దించి, నిదానంగా పాడడం మొదలుపెట్టాడు. నన్ను కోరస్ మైకు దగ్గర నుంచి పిలిచి తన మైకు ముందే నిలబెట్టుకున్నాడు. పైకి లేస్తున్న ఆయన గొంతూ దిగిపోతున్న నా గొంతూ ఇప్పుడు ఒకే మెట్టు మీద కలిశాయి. ఎవరిది ఎవరిదో మా గిటారిస్టుకు కూడా తెలిసేది కాదు. ప్రోగ్రాములు తగ్గిపోయాయి. కొందరు పాట మధ్యలోనే వేరుశనక్కాయల బండి దగ్గరికి వెళ్లేవాళ్లు. "పోనీలే పాపా. అరిసినప్పుడు మాటలు ఎవురూ ఇన్లేదు. ఇప్పుడు ఉండే నలుగురూ ఇంటా ఉండారు" అనేవాడు. ఆ మాటలు వినని వాళ్లలో నేనూ ఉన్నాను. అది రైలు గురించిన పాట కాదు. అన్న వాళ్ల నాయన పట్టాలు సరిచేస్తూ, కూత వినపడగానే పార భుజాన వేసుకుని పక్కకు దిగి, రైలు పోయాక మళ్లీ ఎక్కే పాట. పాతికేళ్లు దాని చివర కోసమే నిలబడి, మధ్యలో ఒక మనిషి ఉన్నాడని గమనించలేదు. సిగ్గుపడ్డాను.

అన్న పోయిన మరుసటి రోజు, మట్టి చేయడానికి తీసుకెళ్లే ముందు వదిన దగ్గర కూర్చున్నాను. వదిన అంటే అన్న భార్య. వచ్చినవాళ్లలో ఒకాయన పాపం మంచితనంగానే, "కడాకు గొంతు మోసం చేసింది గానీ, ఎంత పాడినాడు" అన్నాడు. ఆయన వెళ్లాక వదిన చెవిలో, "ఆ ఐరాల కూత నాది వదినా, ఆయనది కాదు" అన్నాను.

"నాకు తెలీదా పాపా? మీ అన్న గొంతు పగిలితే ఎనకాలే దగ్గొస్తాది. ఆ పొద్దు దగ్గలేదు" అంది. కొంగు సర్దుకుని, "సెప్పేది నాకు కాదులే. సెప్పాల్సినోళ్లకు సెప్పు" అంది.

ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మట్టి దగ్గర మైకు ఉండదు, ఉపన్యాసం నాకు రాదు. మా వాళ్లు ఒక గిటారూ ఒక పలక డప్పూ తెచ్చారు. పాకాల నుంచి, చిత్తూరు నుంచి వచ్చిన జనం గుంత చుట్టూ నిలబడి ఉన్నారు. రైలు పాట మొదలుపెట్టాం, కిందిస్థాయిలోనే. పలక వాయిస్తున్న మా డ్రమ్మరు ఏడుస్తూ, మూడేళ్ల కింద మానేసిన పాత పద్ధతిలో, చివరికి రాగానే టక్కున ఆపేశాడు. గిటారూ ఆగింది. జనం తలలెత్తి ఎదురుచూశారు. మా వాళ్లు నేల చూశారు.

నేను ఒక అడుగు ముందుకు వేసి, చేతులు రెండూ కిందికి వదిలేసి, జనం వైపు తిరిగి కూత పెట్టాను. సగంలో పగిలింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు మునివేళ్ల మీద లేచి, మెడలు చాచి, అది ఎవరి నోట్లోంచి వస్తోందో చూశారు.