పదకొండు వరుసలు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఎవరు ప్రోగ్రాం రాసి తెచ్చినా సగానికి సగం కత్తిరించి చేతిలో పెట్టేది మరి. ఇంట్లోనూ అదే పేరు. "మా కోడలు ఉత్తరం రాస్తే చిరునామా ఒక్కటే మిగుల్తుంది" అని అత్తగారు నవ్వేది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాంను కత్తెరమ్మ ఒకే ఒక్క వరుసలో ఇమిడ్చింది. అందులో బరువుకైనా, వయసుకైనా, మందుకైనా ఒక్క అక్షరమే పేరు. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయేది.

మూడు నెలల తర్వాత ఒక ఉదయం, పిల్లల వార్డు పెద్ద నర్సు ఒక పసివాడి మందుచీటీ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"అమ్మాయ్, నా చేతి లెక్కకీ నీ కంప్యూటర్ లెక్కకీ పొంతన కుదరట్లేదు. మందు ఇంకా ఎక్కించలేదులే. అసలిది లెక్క ఎలా కడుతుందో చూపించు."

చూపించింది. నర్సు కళ్ళద్దాలు సవరించుకుంది. "ఇదేం మంత్రం తల్లీ?"

కత్తెరమ్మ విడమరచి చెప్పబోయింది. ఏ అక్షరం దేనికి పెట్టిందో తనకే గుర్తు లేదు. "కూర్చో అక్కా" అని కుర్చీ లాగి, ఒక్కో అక్షరం గుట్టూ వెతుక్కుంటూ తిరగరాసింది. అరవై వరుసలైంది, అడుగడుగునా వివరణలతో.

నర్సు సగం చదివి తల పట్టుకుంది. "చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నానమ్మా."

కత్తెరమ్మ మళ్ళీ కోసింది. ఈసారి పేర్ల జోలికి మాత్రం పోలేదు. వార్డులో రోజూ నలిగే మాటల్నే పేర్లుగా ఉంచేసింది. పదకొండు వరుసలు మిగిలాయి. నర్సు తెర మీద వేలు పెట్టి, మందుచీటీ చదివినట్టు పైకి చదవసాగింది. నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది.

"ఇదిగో, పుట్టినప్పటి బరువు తీసుకుంటోంది. వీడు పుట్టి ఆరు వారాలైంది. కావలసింది ఇవాళ్టి బరువు కదా?"

కత్తెరమ్మ నాలుగో వరుస మళ్ళీ చదివింది. జన్మలో ఒక్క వరుస ప్రోగ్రాం రాయని మనిషి! మూడు నెలలుగా తన కళ్ళ ముందే ఉన్న తప్పును ఇట్టే పట్టేసింది.

"తప్పు నాదే అక్కా."

దిద్దింది. రెండు లెక్కలూ చుక్క తేడా లేకుండా కలిశాయి. పాత చీటీలన్నీ ఇద్దరూ కూర్చుని తిరగేశారు. తేడా వచ్చినప్పుడల్లా నర్సులు తమ చేతి లెక్కనే నమ్ముకోబట్టి ఏ బిడ్డకూ ఏమీ కాలేదు.

"రా, ఎవడి లెక్కో చూద్దువుగాని" అంది నర్సు.

ఆరేళ్ళుగా అదే భవనంలో పనిచేస్తున్నా కత్తెరమ్మ ఆ మెట్లెక్కడం అదే మొదలు. అద్దాల పెట్టెలో పసివాడు పడుకుని ఉన్నాడు. పిడికిలి ఆమె బొటనవేలంత కూడా లేదు. పక్కటెముకలు చకచకా లేచి పడుతున్నాయి. ఆమె అలాగే నిలబడిపోయింది.

"చూస్తూ నిలబడతావేం, చేతులు కడుక్కో" అంది నర్సు. "ముట్టుకోవచ్చు."