కృష్ణబిలమూ, మా తోడికోడలూ

మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. జీడిపిక్కలు కాల్చే పొయ్యి ఆర్పేసి, చేతుల మసి కడుక్కుని, షెడ్డులో పలకలు పట్టుకుని కూర్చున్న వేళ. ఆ రోజుల్లో (రెండువేల సంవత్సరం దాటి ఒకటో రెండో) నాకు వయసు నలభై, అక్షరాల్లో మాత్రం ఏడాది నిండని పసిపిల్లని. పసిపిల్లని కనక ఏడుపూ ఎక్కువే. ఆ ఏడుపంతా మా తోడికోడలి మీద. పలాసలో ఒకే జీడి ఫ్యాక్టరీలో పని, పెద్దవాళ్ల తరగతిలో ఒకే రోజు పలక పట్టాం. నేను గుణింతాల్లో కొట్టుకుంటుంటే ఆమె బస్సు బోర్డులు చదివేసేది. పంతులమ్మ ఆమె దస్తూరి అందరికీ చూపించిన రోజు నాకు అన్నం సహించలేదు. పైగా టెక్కలి అక్షరాస్యత సభలో వేదికెక్కి పుస్తకం చదవడానికి మా తరగతి నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. ఆ ఒక్కరూ నేనే కావాలి.

అంతకు ముందు వారం పంతులమ్మ ఆకాశం గురించిన పుస్తకం ఒకటి తెచ్చింది. పెద్ద నక్షత్రం చచ్చి తనలోకి తానే కూలిపోతే కృష్ణబిలం అవుతుందని, అందులో పడితే వెలుగు కూడా తిరిగి రాదని చెప్పింది. అందరం నోరు తెరుచుకుని విన్నాం. మా తోడికోడలు మాత్రం పొయ్యి వైపు చూసింది.

"మంట మింగినదేదైనా వేడెక్కాల గదా మేడమ్మా. పొయ్యికి రేకు మూసి మట్టి మెత్తేసినా గోడ మీద సెయ్యెట్టనిత్తాదేటి? ఆ బిలం కూడా ఎంతో కొంత వేడి బయటికి ఒదల్తాది."

"ఏమో, అంతదాకా నేనూ చదవలేదు," అంది పంతులమ్మ.

నాకు ఒళ్లు మండింది. "ఏదీ రాదని పుస్తకమే సెప్తంటే, నువ్వేటి పెద్ద సెప్పొచ్చావు?"

"అయితే సదివి సూపించక్కా."

పుస్తకం ఇంటికి పట్టుకుపోయాను. జీడిరసానికి నల్లబడిన వేలు ప్రతి అక్షరం కింద పెట్టుకుంటూ వెతికితే "ఏదీ బయటకు రాదు" అన్న వాక్యం దొరికింది, పేజీ అడుగున. వారం రోజులూ ఆ ఒక్క పేజీనే వల్లెవేశాను. తిప్పి చూడాలని తోచలేదు. (కావలసింది దొరికాక తిప్పేదెవరు?)

మంగళవారం లేచి నిలబడి తడబడకుండా చదివాను. చివరి వాక్యం దగ్గర తోడికోడలి మొహంలోకి చూశాను. ముక్కుపొడుం లేనిదే తరగతిలో కూర్చోలేని మా పొడుం అత్త, "ఆగిపోనావేటే, మిగతాది కూడా సదువు," అంది. గెలిచిన ఊపులో ఉన్నాను. పేజీ తిప్పాను.

ఏదీ రాదని అందరూ అనుకుంటున్న కాలంలో, ఇంకా చదువుకుంటున్న ఒక విద్యార్థి, బిలంలో పడిన వేడి ఆనవాలు లేకుండా పోవడానికి వీల్లేదన్నాడట. చక్రాల కుర్చీలో కూర్చుని బుర్రలోనే లెక్కలు కట్టే పెద్ద శాస్త్రవేత్త ఒకాయన చిరాకుపడ్డాడట. అలాగైతే బిలానికి వేడి ఉండాలి, ఉంటే బయటకు రావాలి, రాదు కదా, కనక తప్పు అని రాశాడు కూడానట. తరువాత, అణువుకన్నా చిన్న కణాల సూత్రాలు పట్టుకుని బిలం అంచున ఏం జరుగుతుందో తానే లెక్క కడితే, బయటకు వేడి వస్తోంది. మళ్లీ కట్టినా వస్తోంది. విద్యార్థి మాటే నిజమని చివరికి ఆయనే చెప్పవలసి వచ్చింది.

ఇదంతా నా నోటితో నేనే చదువుతున్నాను. ఆపితే ఓడినట్టు, ఆపకపోయినా ఓడినట్టే. కోపంతో గొంతు పెంచి చివరిదాకా చదివేశాను.

"ఆ కుర్సీలో పెద్దాయన అచ్చం నీనాగే ఉన్నాడక్కా," అంది తోడికోడలు. పొడుం అత్త నవ్వబోయి తుమ్మింది. పంతులమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ రెండో పేజీ ఇప్పుడే చూశావు కదా? ఎక్కడా కూడబలుక్కోలేదు. టెక్కలికి నువ్వే."

వెళ్లాను. ఆ రెండు పేజీలే చదివాను. ముందు వరసలో కూర్చుని, వేడి వస్తోంది అన్న చోట చప్పట్లు కొట్టింది మా తోడికోడలు. వేదిక నాకొచ్చింది, మాట ఆమెదే నిలిచింది. ఇప్పటికీ దస్తూరి ఆమెదే బాగుంటుంది. ఇప్పుడు రాస్తున్న ఇది కూడా దిద్దడానికి ఆమెకే ఇవ్వాలి. ఒక్క తప్పూ దొరక్కూడదని నాలుగుసార్లు చూసుకున్నాను.

ఆ మంగళవారం తరగతిలో నోరు విప్పినది పంతులమ్మ, పొడుం అత్త, మా తోడికోడలు, నేను. పుస్తకంలోని పెద్దాయన్నీ కలుపుకుంటే ఐదుగురం. తప్పని తేల్చబోయి ఒప్పని తేల్చినవాళ్లం అందులో ఇద్దరం.