యాదగిరి మామ సన్నగీతలు

నాకు బ్రష్ పట్టడం నేర్పిన బోర్డు పెయింటర్ యాదగిరి మామ పోయాడు. ఎల్లుండి దశదిన కర్మ. ఆ ఫ్లెక్సీ చేయించడానికి ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మామ బతికుండగానే ఆయన రాతను తలచుకుంటూ రెండేళ్లు కూర్చుని నేనొక ఫాంట్ తయారుచేశాను. అక్షరాల ఒళ్లంతా లావు, మలుపుల దగ్గర మాత్రం వెంట్రుకంత సన్నం. ఆయన పేరుకి అదే పెట్టించాను.

షాపులో డిజైన్ చేసే కుర్రాడు అక్షరాల చుట్టూ అదే రంగులో మరో మందపాటి గీత ఎక్కించాడు. సన్నగీతలన్నీ వేలంత లావయ్యాయి.

"అది తీసెయ్ తమ్ముడూ. ఆ సన్నదనమే ఆయన పనితనం."

"గంత సన్నగుంటే దూరంకెల్లి ఎట్ల కనబడ్తదన్నా? బండి మీద పోయేటోడు ఆగి సదువుతడా?"

పట్టుబట్టి తీయించాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, నిజంగానే సగం పేరు మాయమైంది. మళ్లీ లావు చేయించి ప్రింట్‌కి ఇచ్చేశాను.

మామ రాసిన బోర్డుల్ని కదిలే బస్సులోంచి చదివేవాణ్ని. అవీ ఇంతే సన్నం. అయినా కనబడేలా ఆయన ఏం చేసేవాడో నాకు అందలేదన్నమాట. ఎల్‌బీనగర్, హయత్‌నగర్ వైపు ఏ పాత షట్టర్ మీదైనా ఆయన అక్షరాలు కనిపిస్తే ఈ పోస్టు కింద ఫొటో పెట్టండి. ఉండవని తెలుసు. వాటి మీద ఫ్లెక్సీలు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.